వేసవి పెరడు: చేయి పెట్టుటకు ముందు చూడవలసినవి

రబీ పంట ఇంటికి చేరినది. తొలకరికి ఇంకను వ్యవధి యున్నది. చైత్ర వైశాఖములలో పొలమున పని తక్కువ, ఎండ ఎక్కువ. కావున సంవత్సరము పొడుగునను పెరటి వంక చూడని రైతు కూడ ఈ రోజులలో ఉదయమొక గడియ, సాయంకాలమొక గడియ ఆనపపందిరి క్రింద నిలుచును. ఇది మంచిదే. కాని ఈ రాకతో పెరటికి రెండు కీడులు వచ్చుచుండుట మేము గ్రామములలో చూచుచున్నాము. మొదటిది, తీగ వాలినదని కనబడగనే బిందెతో నీరు గ్రుమ్మరించుట. రెండవది, ఆకుమీద ఏదో ప్రాకుచున్నదని కనబడగనే ప్రత్తిచేనిలో మిగిలిన మందుసీసా తెచ్చుట. రెంటికిని మూలమొక్కటే: చూచుటకు ముందే చేయుట. మీ యిల్లాలు ఏడాది పొడుగునను ఆ మొక్కలను చూచుచున్నది. ముందుగా ఆమెను అడుగుట మీ గౌరవమునకు లోపము కాదు.

ఎండవేళ వాలిన ఆకును గురించి మొదట చెప్పుకొందము. మధ్యాహ్నము రెండు గంటలకు ఆనప, గుమ్మడి, బీర తీగలను చూడుడు. వెడల్పయిన ఆకులన్నియు తడిగుడ్డవలె వ్రేలాడుచుండును. చూచినవారికి ప్రాణము ఉసూరుమనును. కాని మొక్కకు ఆ వేళ దాహమని తొందరపడి అనుకొనరాదు. ఆకులకు అడుగుభాగమున కంటికి కనబడని సన్నని రంధ్రములు కలవు. వానినుండి నీరు ఆవిరిగా పోవుచుండును. వడగాడ్పు వీచునప్పుడు ఆవిరిగా పోవు నీరు ఎక్కువ, వేళ్లు పైకి పంపగల నీరు తక్కువ. నేలలో తడి యున్నను వేళ్లు అంత వేగముగా అందింపలేవు. అందుచేత ఆకులు వాలును. ఎండ తగ్గిన పిమ్మట, సాయంకాలము ఆరు ఏడు గంటలకు మరల చూడుడు. అవే ఆకులు నిలువునా లేచియుండును. మీరు నీరు పోసినను లేచును, పోయకున్నను లేచును.

కావున నీటి అవసరమును తెలిసికొనవలసినది మధ్యాహ్నము కాదు, తెల్లవారుజామున. రాత్రియంతయు చల్లగా గడచినను ఉదయము ఆరు గంటలకు ఆకు వాలియే యున్నయెడల మొక్కకు నిజముగా కష్టము వచ్చినదన్నమాట. అప్పుడు పాదులో వ్రేలు గ్రుచ్చి చూడుడు. రెండు కణుపులవరకు పొడిగా యున్నచో నీరు కావలెను. వ్రేలికి తడిమట్టి అంటుకొన్నచో నీరు పోయరాదు, జబ్బు వేరొకటి.

ఈ మాట పుస్తకమున చదివి వ్రాయుటలేదు. నేను ఉద్యోగములో చేరిన తొలియేట అద్దెయింటి పెరటిలో ఒక ఆనపతీగను పెంచితిని. రోహిణి కార్తెలో అది పగలు వాలుచుండుట చూడలేక ఉదయమొక బిందె, మధ్యాహ్నమొక బిందె, మాపటికొక బిందె పోసితిని. ప్రక్కయింటి ముసలమ్మ దడిమీదుగా చూచి, "నాయనా, దానిని మునగనీయకు, ఊపిరి ఆడక చచ్చును" అని చెప్పినది. చదువుకొన్నవాడను గదా యని నవ్వి ఊరకుంటిని. పది దినములలో తీగ మొదలు మెత్తబడి, ఆకులు పసుపుబారి, పిందెలతో సహా ఎండినది. పెరికి చూడగా వేళ్లు నల్లబడి కుళ్లియున్నవి. ముసలమ్మ చెప్పినదే నిజము. వేళ్లకు నీరెంత అవసరమో గాలియు అంతే అవసరము. మట్టి సందులన్నిటిని నీరు నింపినచో గాలికి చోటుండదు. ఊపిరాడని వేరు నీటిని పీల్చలేదు. పైన ఆకు వాలును. అది చూచి మనము మరల నీరు పోయుదుము.

నేల తడిగా యుండి, తెల్లవారుజామునను మొక్క వాలియుండి, పాదులో నీరు నిలువనిచోట ఇంకొక సంగతి చూడవలెను. బాగుపడునని ఆశలేని మొక్క నొకదానిని పెల్లగించి వేళ్లను కడుగుడు. వేళ్లపై ముత్యములవంటి బుడిపెలు కనబడినచో అవి నులిపురుగుల పని. వంగ, బెండ, టమాట, తీగజాతులు అన్నిటికిని ఈ బాధ కలదు. ఆ మడిలో వచ్చే కారునకు అవే కూరలు వేయక, బంతిగాని ఆకుకూరగాని వేసి చూడుడు. చిక్కుడు జాతి వేళ్లపైనను బుడిపెలుండును. కాని అవి మేలుచేయునవి. గోటితో గీకిన సులభముగా ఊడివచ్చును, కోసిన లోపల గులాబిరంగుగా నుండును. నులిపురుగు బుడిపె వేరు ఉబ్బుటవలన ఏర్పడునది కనుక ఊడిరాదు.

వంగమొక్కలో మొక్కయంతయు పచ్చగానుండి, ఒక్క కొన మాత్రము తలవంచినచో నీటితో పనిలేదు. కొమ్మలో పురుగు దూరినది. వాలిన చోటికి అంగుళము క్రిందుగా కత్తిరించి, చీల్చి చూడుడు. లేతగులాబిరంగు పురుగు కనబడును. ఆ తుంపును పెరటిలో పారవేయక కాల్చివేయవలెను. ఈనాడు కొనలో నున్న పురుగు సంతతియే రేపు కాయను తొలుచును. వారమునకు రెండుమార్లు ఇట్లు కొనలను త్రుంచు ఇంటివారు పుచ్చుకాయలు చాల తక్కువగా తిందురు.

బొబ్బర ఆకు ఎండకు తాళుకొను విధము వేరు. ఉదయము వెడల్పుగా ఎండకు ముఖము పెట్టిన మూడాకులును మధ్యాహ్నమునకు అంచులను సూర్యునివైపు త్రిప్పి నిలువుగా నిలుచును. ఎండ తక్కువ తగులునట్లు ఆకు తన్ను తాను మరల్చుకొనును. దీనిని తెగులని కొందరు మాకు చూపించుచుందురు. తెగులు కాదు. సాయంకాలము చూడుడు, మామూలుగనే యుండును.

నీరు పోయువేళ, పోయు తీరు గురించి మీకు క్రొత్తగా చెప్పవలసినది లేదు. తెల్లవారుజామునగాని, ఎండ వాలినపిమ్మటగాని పోయుడు. పాదులో ఎండుటాకులో, వరిగడ్డియో నాలుగు వ్రేళ్ల మందమున పరచినచో మూడు బిందెలు పట్టుచోట రెండు చాలును. ఆ గడ్డిని మొదలునకు ఆనింపరాదు. జానెడు ఎడమ ఉంచుడు. చెదలున్న పెరడైనచో గడ్డిని అప్పుడప్పుడు ఎత్తి చూచుచుండవలెను.

ఇక పువ్వు సంగతి. వేసవిలో మాకు ఎక్కువగా వచ్చు ప్రశ్న ఇది: "తీగ నిండ పూత యున్నది, పిందె నిలుచుటలేదు, ఏమి మందు కొట్టవలెను?" మందు అడుగుటకు ముందు ఆ పువ్వులను తిప్పి చూడుడు. తీగజాతులలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు క్రింద చిన్న పిందె యుండును. మగపువ్వుకు ఉత్త కాడయే. పగలు దీర్ఘముగాను, ఎండ తీవ్రముగాను ఉన్న దినములలో మగపువ్వులు ఎక్కువగా పూయును. మీరు పూత అనుకొనునది చాలవరకు మగపూతయే కావచ్చును. అది రాలిపోవుట సహజము.

ఆడపువ్వు ఉండియు పిందె పసుపుబారి రాలుచున్నచో పుప్పొడి అందలేదని అనుమానింపవలెను. ఇచ్చట పువ్వు విచ్చు వేళను గమనింపవలెను. గుమ్మడి, దోస, కాకర తెల్లవారుజామున విచ్చును. గుమ్మడిపువ్వు పొద్దెక్కుసరికి ముడుచుకొనును. ఆ రెండు మూడు గంటలలో తేనెటీగ వచ్చినదా, కాయ, రానిచో లేదు. ఆనప పువ్వు తెల్లనిది. అది సాయంకాలము దీపాలవేళకు విచ్చి రాత్రి తెల్లగా మెరయును. రాత్రి తిరుగు పెద్ద రెక్కలపురుగులు దాని చుట్టములు. పొట్లపువ్వు కూడ రాత్రిదే. విచిత్రమేమనగా బీర, నేతిబీర రెండును అక్కచెల్లెండ్రవలె నుండి, రెండును పసుపుపచ్చగనే పూచుచు, వేళ మాత్రము వేరుచేసికొన్నవి. బీర సాయంకాలము విచ్చును, నేతిబీర తెల్లవారుజామున. నమ్మకమున్నను లేకున్నను మీ పందిరి క్రింద ఒక మాపు, ఒక వేకువ నిలిచి చూడుడు. పిల్లలను కూడ పిలుచుకొనుడు. బడి సెలవులే గదా.

ఈ వేళ తెలిసినవానికి చేతితోనే కాయ నిలుపుట సులభము. గుమ్మడికైన తెల్లవారుజామున, ఆనపకైన చీకటిపడు వేళ, అప్పుడే విచ్చిన మగపువ్వును త్రుంచి, రేకులను ఒలిచి, నడుమనున్న పుప్పొడి కాడను ఆడపువ్వు నడిమి భాగమునకు మెల్లగా రాయవలెను. ఒక్క మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకు సరిపోవును. నాలుగైదు దినములలో పిందె కాడ గట్టిపడి క్రిందికి వంగుచు పెరిగినచో నిలిచినట్లే. టమాట సంగతి వేరు. దానికి ఒకే పువ్వులో రెండును కలవు. కాని పగటి వేడిమితోపాటు రాత్రియు ఉక్కగా నున్నచో పువ్వు రాలును. వైశాఖమున టమాట కాయలేదని మొక్కను నిందింపవలదు. నీడ కల్పించి బ్రతికించుకొనుడు, చాలును.

పువ్వు విచ్చియున్న వేళ మందు చల్లినవాడు తన కాయను తానే రాల్చుకొన్నట్లు. తేనెటీగకు ఏది తెగులు మందో, ఏది కాదో తెలియదు.

ఇప్పుడు పురుగుల మాట. చాల పల్లెలలో అక్షింతల పురుగు అను పేరు రెండు జీవులకు వాడుదురు. పేరొక్కటే, గుణము మాత్రము నక్కకును నాగలోకమునకును ఉన్నంత దూరము. రెండును శనగబద్దవలె ఉబ్బెత్తుగా నుండి, వీపుపై నల్లచుక్కలు కలిగియుండును. వంగ, కాకర ఆకులపై నుండు పెంకుపురుగు వన్నె తగ్గి, వెలసిన ఇటుకరంగున సన్నని నూగుతో నుండును. వీపుపై చుక్కలు పండ్రెండో, ఇరువది యెనిమిదో యుండును. ఇది ఆకుపచ్చను గీకి తిని, ఈనెలను జల్లెడవలె మిగుల్చును. దాని పిల్ల పసుపుపచ్చగా, ఒడలెల్ల కొమ్మల ముండ్లతో, కదలక ఆకు నంటుకొనియుండును. రెండవది నిగనిగలాడు అక్షింతల పురుగు. నూనె పూసినట్లు మెరయుచుండును; చుక్కలు తక్కువ, కొన్నింటికి వంకర గీతలు. ఇది ఆకును తినదు. పేనుబంకను తినును. దీని పిల్ల చూచుటకు భయంకరము. బూడిదనలుపు రంగున, తెల్లని లేక పసుపు మచ్చలతో, చిన్న మొసలివలె తోక సన్నగించి, ఆకుమీద పరుగులిడుచుండును. ఒక్కొక్క పిల్ల పెరుగునంతలో కొన్ని వందల పేనులను మ్రింగును.

ఈ మొసలిపిల్లను చూచి శత్రువనుకొనని వారు అరుదు. నేనును వేళ్లతో నలిపినవాడనే. చిక్కుడుతీగ కొనలన్నియు నల్లని పేనుబంకతో నిండియుండగా, ఆ పేనులు కదలకుండుటచేత వానిని పట్టించుకొనక, పరుగెత్తుచున్న ఈ పిల్లలే తినుచున్నవని తలచి ఒక ఉదయమంతయు ఏరి చంపితిని. వారము తిరుగకుండ బంక రెట్టింపయినది. ఆకులపై తేనెవంటి జిగట కారి, దానిపై మసి పట్టినది. తెలిసిన పెద్ద యొకరు పెరటికి వచ్చి చూపించువరకు నాకు నా పొరపాటు తెలియలేదు.

గ్రుడ్లను బట్టి వీనిని వేరుచేయుట కష్టము. రెండును పసుపుపచ్చని సన్నని గ్రుడ్లను గుంపుగా నిలువున నాటినట్లు పెట్టును. చుట్టును పేనుబంక యున్నచో ఆ గ్రుడ్లను ముట్టవలదు. పేనులేని వంగాకుపై జల్లెడ గీతల నడుమనున్నచో ఆ ఆకును త్రుంచి నలిపివేయుడు. గండుచీమలు వరుసకట్టి తీగనెక్కుచున్నచో పైన పేనుబంక యున్నదని తలచి కొనలను వెదకుడు. చీమలు ఆ తేనె కొరకు వచ్చి, అక్షింతల పురుగును తరుముచుండును. చీమలదారిని తెంచినచో సగము పని అయినట్లే. మిగిలిన సగము పని నిగనిగలాడు పురుగు చేయును. దానికి కొన్ని దినములు గడువిచ్చుడు. తాళలేకున్నచో ఎక్కువ బంకపట్టిన కొనలను మాత్రము త్రుంచి వేయుడు.

మిరపలో ముడత చూచి అందరును ఒకే మందు అడుగుదురు. ఆకు అంచులు పైకి లేచి దోనెవలె ముడిచినచో తామరపురుగు. అంచులు క్రిందికి వంగి తిరుగబెట్టిన దోనెవలెనున్నచో నల్లి. బెండ, వంగ ఆకు పైభాగమున తెల్లని సన్నచుక్కలు, అడుగున సాలెగూడువంటి సన్నని అల్లిక కనబడినచో అదియు నల్లియే. పొడి ఎండలు దానికి పండుగ. నీటిని ఆకు అడుగుభాగమునకు బలముగా తగులునట్లు ఉదయమున చల్లినచో చాలవరకు కొట్టుకొనిపోవును. గాటు మందులు కొట్టిన పెరడులలో నల్లి మరింత పెరుగుట అనుభవములో నున్నదే. ఆ మందు నల్లిని తిను పురుగులను ముందు చంపును.

ఇక్కడ ఆగి ఒక కఠినమైన మాట చెప్పవలసియున్నది. ప్రత్తికి, మిరపకు తెచ్చి మిగిలిన మందును ఇంటి బీరతీగమీద కొట్టువారు ఇప్పటికిని కలరు. ఆ బీరకాయ ఎల్లుండి మీ పిల్లల కంచములోనికి వచ్చును. పొలములో కోతకు ముందు వారమో పక్షమో ఎడమ పాటింపవచ్చును. పెరటిలో దినము విడిచి దినము కోయుదుము, ఎడమ ఎచ్చట? ఈ దేశములో సేద్యమున డి.డి.టి. వాడుటను 1989లో నిలిపివేసిరి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని 2005లో కేంద్ర ప్రభుత్వము ఉత్తర్వు చేసినది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీం కోర్టు నిషేధించినది. ఇవన్నియు ఒకప్పుడు వాడదగినవని మావంటివారు చెప్పినవే. ఆ సంగతి దాచుటవలన ప్రయోజనము లేదు. కావున సీసాపై కూర పేరు లేని మందును, ఎంత మంచిదని దుకాణమున చెప్పినను, పెరటిలోనికి రానీయకుడు. మందుసీసాను వంటయింటి చూరులో దోపవలదు. ఖాళీ డబ్బాలో నీరు, నూనె పోయవలదు.

మందు లేకున్న ఎట్లని అడుగుదురు. వేపచెట్టు మీ వాకిటనే యున్నది. జ్యేష్ఠ ఆషాఢములలో పండ్లు రాలును. పిల్లలచే ఏరించి, గుజ్జు కడిగి, గింజలను నీడలో ఆరబెట్టి, గుడ్డసంచిలో కట్టి గాలి తగులుచోట ఉంచుడు. ప్లాస్టిక్ సంచిలో కట్టిన బూజు పట్టును. అవసరమైనప్పుడు 50 గ్రాముల పప్పును దంచి, పలుచని గుడ్డలో మూటకట్టి, ఒక లీటరు నీటిలో రాత్రి నానబెట్టి, ఉదయము పిండి వడకట్టుడు. చిటికెడు సబ్బుపొడి కలిపిన ఆకున కంటుకొనును. ఎండకు దీని శక్తి తగ్గును గనుక ఎండ వాలినపిమ్మట, విచ్చిన పువ్వులను తప్పించి, ఆకు అడుగున తగులునట్లు చల్లవలెను. ఇది మొసలిపిల్లకంటె బంకను ఎక్కువగా బాధించును. అయినను అక్షింతల పురుగులు విరివిగా నున్నచోట దీనికిని పని లేదు.

కాకర, బీర కాయలపై సూదితో పొడిచినట్లు మచ్చయు, దానిపై బంక బొట్టును కనబడినచో పండు ఈగ గ్రుడ్డు పెట్టినది. ఆ కాయను ఉంచి లాభము లేదు. లోపలి పురుగు ఎదిగి, కాయనుండి నేలకు దిగి, మట్టిలో కొన్ని వ్రేళ్ల లోతున నిద్రించి, ఈగయై మరల పందిరికెక్కును. రాలిన కాయలను ప్రతిదినము ఏరి మోకాటిలోతు గోతిలో పూడ్చుడు. లేదా ప్లాస్టిక్ సంచిలో కట్టి రెండు దినములు ఎండలో నుంచుడు. పెంటకుప్పపై వేసినచో ఈగలను పెంచినట్లే. పందిరి క్రింది మట్టిని అప్పుడప్పుడు గొప్పు త్రవ్వినచో నిద్రించు పురుగు ఎండకు, చీమలకు, గోరింకలకు దొరకును.

గోరింకలనగా జ్ఞాపకము వచ్చినది. నీరుపోసిన పాదులో అవి పొడుచుచున్నచో తరుమవలదు, పురుగుల కొరకే వచ్చినవి. టమాట పండిన నాడు అవే దొంగలగుట నిజమే; ఎఱ్ఱబారుటకు ముందే దోరకాయ కోసి ఇంట మాగబెట్టుకొనుడు. దడిమీది తొండ, కుండనీడన కూర్చున్న గోదురుకప్ప కూడ మీ కూలివారే, కూలి అడుగరు. వెడల్పయిన మట్టిమూకుడులో నీరు పోసి నీడన ఉంచినచో పిట్టలు దాహమునకు టమాటను పొడుచుట కొంత తగ్గును. మూకుడు నీటిని దినదినము మార్చుడు, లేకున్న దోమ పెరుగును.

మృగశిర దగ్గరపడుచున్నది. మొదటి వానకు ఉసిళ్లు లేచినరాత్రి గోదురుకప్పలు ఎచ్చట నుండి వచ్చునో పెరడంతయు నిండును. ఆ మరునాడు మట్టి చేతికి ముద్దకాక, పొడిపొడిగా విడిపోవునట్లున్నచో బీర, ఆనప, కాకర గింజలను ఒక్కొక్క పాదున మూడు నాలుగు పెట్టుడు. ఇప్పుడున్న తీగలలో తెగులు సోకనిదానిని ఒకదానిని ఎంచి, మొదటి కాపులోని మంచి కాయకు ఎఱ్ఱదారము కట్టి, దానిని కూరకు కోయవలదని ఇంటిలో అందరికిని చెప్పియుంచుడు.